రాత్రి ఎక్కడ పడుకున్నాడు? మా ప్రొఫెసర్ గారి జ్ఞాపకంగా ఒక కట్లపాము కేసు

మా మెడిసిన్ ప్రొఫెసర్ గారు పోయాక కాలేజీలో సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీ కట్టారు, ఫొటోకి దండ వేశారు, రెండు నిమిషాలు మౌనం పాటించారు. మాట్లాడినవాళ్లందరూ ఆయన నిరాడంబరత గురించీ క్రమశిక్షణ గురించీ చెప్పారు. అవన్నీ నిజమే. ఆయన దగ్గర పీజీ చేసినవాళ్లకు మాత్రం వేరే సంగతులు గుర్తొస్తాయి. పేషెంటు మంచం పక్కన ఆయన నిలబడే తీరు, అడిగే ప్రశ్నలు, కేస్ షీటులో ఒక గడి ఖాళీగా కనబడితే వచ్చే కోపం. స్మారక సంచికకు ఏదైనా రాయమని నన్ను అడిగారు. పొగడ్తలు ఆయనకు పడవు. రిటైర్మెంట్ రోజున సన్మాన పత్రం ఇంకా చదువుతుండగానే లేచి వార్డుకు వెళ్లిపోయిన మనిషి. అందుకని, ఆయన పోయిన తర్వాత వచ్చిన వానాకాలంలో మా యూనిట్‌లో చేరిన ఒక కేసు రాస్తున్నాను. సార్ ఈ పేషెంటును చూడలేదు. అయినా ఇందులో మేం చేసిన పనుల్లో సగానికి పైగా ఆయన అలవాటు చేసినవే.

పేషెంటు దగ్గరా అమ్మానాన్నల దగ్గరా అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

కేసు

డెల్టాలో ఒక పల్లె. పందొమ్మిదేళ్ల కుర్రాడు, డిగ్రీ చదువుతున్నాడు. ఊళ్లో నాట్లు పడుతున్న రోజులు. రాత్రి కరెంటు పోయి ఉక్కపోస్తుంటే వరండాలో చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి కడుపునొప్పితో లేచాడు. వాంతులయ్యాయి. రాత్రి తిన్నది పడలేదేమో అనుకున్నారు ఇంట్లో. ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్‌కు ఇంజెక్షన్ చేసి సెలైన్ పెట్టాడు. తెల్లారేసరికి గొంతు పట్టేసినట్టుందనీ, నీళ్లు మింగుడు పడటం లేదనీ, కళ్లు మసకగా ఉన్నాయనీ అన్నాడట. ఎనిమిదింటికల్లా మా క్యాజువాలిటీకి తెచ్చారు.

మా వైపు తెల్లవారుజామున వాంతులతో కుర్రాడెవరైనా వస్తే అందరికీ ముందు తట్టేది పురుగుమందు. హౌస్ సర్జన్ కూడా అదే అడిగాడు. తల్లి ఒంటికాలి మీద లేచింది. "మావాడికేం ఖర్మండీ మందు తాగడానికి? రాత్రి నవ్వుతూ అన్నం తిని పడుకున్నాడు." ఈలోగా అపెండిక్స్ ఏమోనని సర్జరీ వాళ్లను పిలిచారు. పొట్ట మెత్తగానే ఉంది, ఎక్కడ నొక్కినా పెద్దగా నొప్పి లేదు. అల్ట్రాసౌండ్ తీయించి చూద్దామని స్ట్రెచర్ కదపబోతున్నారు.

అప్పుడు మా పీజీ అమ్మాయి కేస్ షీటు తీసుకుని మొదటి పేజీ నింపడం మొదలుపెట్టింది. ఆ పేజీ అడుగున ఊదారంగు ముద్ర ఒకటి ఉంటుంది. రాత్రి ఎక్కడ పడుకున్నారు: నేల, అరుగు, మంచం, పొలం. దోమతెర: ఉంది, లేదు. ఎన్నింటికి లేచారు. అంతే, మూడు లైన్లు.

ఈ ముద్ర సంగతి చెప్పాలి. ఈ మూడు ప్రశ్నలూ కేస్ షీటులోనే అచ్చు వేయించాలని సార్ చాలాకాలం ప్రయత్నించారు. ఫైలు వెళ్లడం, ఏదో ఒక కొర్రీతో తిరిగి రావడం. విసుగొచ్చి ఒకరోజు ఆసుపత్రి గేటు ఎదురుగా రబ్బరు స్టాంపులు చేసే బడ్డీకి వెళ్లి, సొంత డబ్బుతో చెక్క పిడి ఉన్న స్టాంపు చేయించుకొచ్చారు. రాత్రి డ్యూటీ నర్సు కేస్ షీట్ల కట్ట విప్పగానే వరసగా ముద్రలు కొట్టి పెట్టాలి. ఇంకు ప్యాడ్ ఆరిపోయి ముద్ర సరిగా పడకపోతే పొద్దున రౌండ్స్‌లో సిస్టర్‌కీ పడేది, మాకూ పడేది. ఆయన రిటైరయ్యారు, ఆయన కాలంనాటి సిస్టర్లు బదిలీలయ్యారు, స్టాంపు మాత్రం క్యాజువాలిటీ బల్ల సొరుగులోనే ఉండిపోయింది. ఎందుకు కొడుతున్నారో తెలియనివాళ్లు కూడా కొడుతూనే ఉన్నారు.

పీజీ నేల దగ్గర టిక్కు పెట్టింది. దోమతెర లేదు దగ్గర టిక్కు పెట్టింది. నాలుగు గంటలు అని రాసింది. రాసి, తలెత్తి కుర్రాడి మొహం చూసింది. వెంటనే నాకు ఫోన్ చేసింది.

నేను వెళ్లేసరికి అతను గడ్డం పైకెత్తి మనుషుల్ని చూస్తున్నాడు. నుదుటి మీద ముడతలు పడ్డాయి. చూసేవాళ్లకు ఏదో చిరాకులో ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి జారిపోతున్న రెప్పల్ని నుదుటి కండరాలతో పైకి లాగి పట్టుకుంటున్నాడు. నిద్రమత్తు అనుకుని వదిలేసే లక్షణమిది. సార్ దగ్గర దీనికో పద్ధతి ఉండేది. జేబులో పెన్ను తీసి పేషెంటు కళ్ల కంటే కొంచెం ఎత్తులో పట్టుకుని, దాన్నే చూస్తూ ఉండమని ఒక నిమిషం కదలకుండా నిలబడేవారు. ఆ నిమిషంలో పక్కన ఎవరూ మాట్లాడకూడదు. రెప్పలు నిలబడితే సరే. మెల్లగా దిగిపోతే, ఎంత దిగాయో స్కేలుతో కొలిచి రాయాలి. ఈ కుర్రాడికి నిమిషం కూడా పట్టలేదు.

రెండో పరీక్ష, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించడం. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు గట్టిగా గాలి పీల్చుకుని మొదలుపెడితే నలభై దాకా సులువుగా పోతాడు. ఇతను ఇరవై రెండు దగ్గర ఆగాడు. మూడోది, దిండు మీద నుంచి తల ఎత్తించడం. ఎత్తాడు గానీ రెండు మూడు సెకన్లకే వెనక్కి వాలిపోయింది. మెడ ముందుభాగం కండరాలు నీరసిస్తున్నాయంటే ఊపిరి కండరాల వంతు దగ్గరపడిందని అర్థం. ఆక్సిమీటర్ మాత్రం 97 చూపిస్తోంది. అది చూసి ధైర్యం తెచ్చుకోవడానికి లేదు. ఇలాంటి కేసుల్లో ఆ అంకె చివరిదాకా బాగానే ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. బీపీ 150/96, నాడి 116. కంటిపాపలు పెద్దవిగా ఉన్నాయి, లైటు వేస్తే బద్ధకంగా కదిలాయి. చేతులూ కాళ్లూ అప్పటికి బాగానే కదుపుతున్నాడు.

కాటు గుర్తు కోసం వేళ్ల సందులు, చెవుల వెనక, తలలో జుట్టు పాయలు తీసి మరీ వెతికాం. ఏమీ లేదు. వాపు లేదు, మంట లేదు. కట్లపాము కోరలు చాలా చిన్నవి. నిద్రలో కరిస్తే దోమ కుట్టినంత కూడా తెలియకపోవచ్చు. "గాటు కనబడలేదు కాబట్టి పాము కాదు అనేవాడు నా వార్డులో ఉండొద్దు. గాటు కనబడలేదు కాబట్టే కట్లపాము అనుకోండి" అనేవారు సార్.

గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు పెట్టాం. చక్కగా గడ్డకట్టింది. రక్తపింజరి అయితే చాలావరకు గడ్డకట్టదు. ఈ పరీక్షకు సార్ పెట్టే షరతు ఒకటే, ట్యూబు కొత్త గాజుది అయి ఉండాలి. సబ్బుతో కడిగిన ట్యూబులోనో ప్లాస్టిక్ ట్యూబులోనో రక్తం గడ్డకట్టే తీరు మారిపోతుంది. దాంతో లేని పింజరి కాటు ఉన్నట్టు కనబడొచ్చు.

ఇంకేం కావచ్చు?

పురుగుమందు అయితే పాపలు సూదిమొనంత చిన్నవవుతాయి, చెమటలు, నోటి వెంట నురగ, ఊపిరితిత్తుల్లో గురగుర, మనిషి దగ్గర మందు వాసన. ఇక్కడ అన్నీ తలకిందులుగా ఉన్నాయి. పొరపాటున పురుగుమందు లెక్కన దాని విరుగుడు అట్రోపిన్ ఎక్కించి ఉంటే పాపలు మరింత విచ్చుకునేవి, నోరు ఎండిపోయేది, ఆ తర్వాత ఎవరు చూసినా అసలు రోగం పట్టుకోవడం కష్టమయ్యేది. గీయాన్ బారే అనే నరాల జబ్బు సాధారణంగా కాళ్ల నుంచి పైకి, రోజుల తరబడి వస్తుంది. కండరాలు త్వరగా అలిసిపోయే మయస్తీనియా జబ్బు రాత్రికి రాత్రి కడుపునొప్పితో మొదలుకాదు. పాడైన తిండిలోని విషంతో వచ్చే బాట్యులిజం అచ్చం ఇలాగే ఉండొచ్చు గానీ అదే భోజనం తిన్న మిగతా ఇంటిల్లిపాదీ బాగున్నారు. రక్తంలో పొటాషియం 3.2 ఉంది. కొంచెం తక్కువే అయినా ఈ స్థాయి పక్షవాతానికి అది చాలదు. నాగుపాము కాటైతే నొప్పి, వాపు ఉంటాయి, కరిచిన సంగతి మనిషికి తెలుస్తుంది.

వానాకాలం, నేల మీద నిద్ర, అర్ధరాత్రి దాటాక కడుపునొప్పి, తెల్లారేసరికి వాలిన రెప్పలు. పాము పేరెత్తకుండానే ఇంట్లోవాళ్లు చెప్పిన కథ ఇది. ఎలుకల కోసం, బల్లుల కోసం, వేరే పాముల కోసం కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వస్తుంది. పక్క మీద మనిషి దొర్లితే కరుస్తుంది. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు మరణాలు 12 లక్షల దాకా ఉంటాయని, అంటే ఏడాదికి సగటున 58 వేలని, దేశవ్యాప్తంగా మరణాల కారణాలు సేకరించిన మిలియన్ డెత్ స్టడీ లెక్క తేల్చింది. వాటిలో సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్య జరిగినవే. ఎక్కువ మరణాలున్న ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణ కలిసిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినప్పుడు సార్ క్లాసులో ఆ వార్త చదివి, "మన వార్డుకి ఇప్పుడు వచ్చారన్నమాట" అని నవ్వారు.

పాముల క్లాసు ఆయన ఎప్పుడూ విశాఖపట్నంతో మొదలుపెట్టేవారు. ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున అక్కడ పనిచేసిన ప్యాట్రిక్ రసెల్ అనే డాక్టరు, కోరమాండల్ తీరం పాముల బొమ్మలు వేయించి 1796లో అచ్చు వేశాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు, రసెల్స్ వైపర్, ఈయనదే. అప్పటి తెల్లదొర మన ఊళ్లవాళ్లను అడిగి పాముల పేర్లు రాసుకున్నాడు, మీరు పేషెంటు పడుకున్న చోటు కూడా అడగరు అని దెప్పడం కోసమే ఈ కథంతా చెబుతున్నారని మాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

వైద్యం

రోగం తేలాక ఇక ఆలస్యం లేదు. పాము విషానికి విరుగుడు మందు పది వయల్స్ మొదలుపెట్టాం. పొడి రూపంలో వస్తుంది, కలపాలి. కొత్తవాళ్లు కంగారులో బాటిల్ పట్టుకుని గిలకొడతారు. నురగ వచ్చి సగం సిరంజిలోకి రాదు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా దొర్లించాలి. గుర్రపు సీరం నుంచి తీసిన మందు కాబట్టి రియాక్షన్ ఎవరికైనా రావచ్చు. స్కిన్ టెస్ట్ చేసి లాభం లేదు, అది ఏమీ చెప్పదు. అడ్రినలిన్ ముందే సిరంజిలోకి లాగి సెలైన్ స్టాండుకు ప్లాస్టరుతో అతికించి పెట్టుకోవాలి. ఇదీ సార్ అలవాటే. పావుగంటకే కుర్రాడికి ఒంటి మీద దద్దుర్లు, చలి. మందు ఆపి, తొడ కండరానికి అర మిల్లీగ్రాము అడ్రినలిన్ చేసి, సర్దుకున్నాక మళ్లీ నెమ్మదిగా ఎక్కించాం.

నరం నుంచి కండరానికి సందేశం బలంగా అందేలా చేసే నియోస్టిగ్మిన్, దాంతోపాటు అట్రోపిన్ ఒక్కసారి ఇచ్చి చూశాం. గంట తర్వాత రెప్పలు కొలిస్తే తేడా లేదు. ఈ విషయంలో సార్‌తో నాకు చివరిదాకా పేచీయే. కట్లపాము అని తేలాక ఆ ఇంజెక్షన్ దండగ అనేవారు ఆయన. పాము కళ్లతో చూడలేదు కదా, నాగుపాము అయ్యే అవకాశం నూటికి ఒక వంతు ఉన్నా ఒక్క డోసుతో పోయేదేముంది అని నేను. ఇప్పటికీ నా మాట మీదే ఉన్నాను.

తేడా ఎందుకు రాదో చెప్పాలి. నాగుపాము విషం ప్రధానంగా, నరం పంపే సందేశాన్ని అందుకునే కండరం వైపు తలుపుల్ని మూసేస్తుంది. మందు కొద్దిగా తోస్తే అవి తెరుచుకుంటాయి. కట్లపాము విషంలోని బీటా బంగారోటాక్సిన్ నరం చివరలనే ధ్వంసం చేస్తుంది. ఆ చివరలు మళ్లీ మొలవాలి. దానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని విరుగుడు మందు పట్టుకుంటుంది గానీ జరిగిన నష్టాన్ని పూడ్చలేదు. నరాలు కోలుకునేదాకా మనిషికి మనం ఊపిరి అందించాలి. వైద్యంలో పెద్ద భాగం అదే.

పదింటికి ఒక్క ఊపిరిలో లెక్కపెట్టే అంకె పద్నాలుగుకు వచ్చింది. పదిన్నరకు పదకొండు. దిండు మీద నుంచి తల లేవడం లేదు, ఉమ్మి మింగలేకపోతున్నాడు. ఆక్సిమీటర్ ఇంకా 95 అంటూనే ఉంది. ఇక ఆగకుండా ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. గైడ్‌లైన్స్ ప్రకారం విరుగుడు మందు రెండో పది వయల్స్ ఇచ్చాం. అక్కడితో ఆపాం.

మూడో రోజు

ఈ కేసులో రాయదగ్గది మూడో రోజే.

ఆ రోజు పొద్దున అతనిలో కదలిక అన్నది లేదు. చేతులు లేవవు, కాళ్లు లేవవు, రెప్పలు తెరవవు. రెప్ప ఎత్తి లైటు వేస్తే పాపలు పూర్తిగా విచ్చుకుని కదలకుండా ఉన్నాయి. తల అటూ ఇటూ తిప్పితే కళ్లు తిరగలేదు. ట్యూబులో సక్షన్ పెడితే దగ్గు లేదు. సుత్తి వేస్తే మోకాళ్లు ఎగరలేదు. పాము సంగతి తెలియనివాళ్లు ఎవరు చూసినా బ్రెయిన్ డెడ్ అంటారు.

వార్డు బయట అప్పటికే ఆ మాట పాకిపోయింది. అతని పెదనాన్న వచ్చి, "ఉన్నదున్నట్టు చెప్పండి. మిషన్ మీద ఊరికే ఊపిరి ఆడిస్తున్నారా? ప్రాణం ఉండగానే ఇంటికి తీసుకెళ్తాం" అన్నాడు. కోపంతో అన్న మాట కాదది. ఇంటి గడపలో ప్రాణం పోవాలని ఆయన తాపత్రయం. వేరే విభాగం నుంచి వచ్చిన డాక్టరు ఒకాయన కూడా పాపలు చూసి పెదవి విరిచాడు.

కట్లపాము కేసులో పాపలు కదలకపోవడం మెదడు చచ్చిపోయిందనడానికి రుజువు కాదు. పాపను నడిపే నరాల చివరలు కూడా విషానికి లొంగిపోయి ఉంటాయి. అవయవ మార్పిడి కోసం 1994లో వచ్చిన చట్టం ప్రకారం బ్రెయిన్ స్టెమ్ డెత్ (మెదడు కాండం చచ్చిపోవడం) ధ్రువీకరించాలంటే నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షలు ఉండాలని అందరికీ గుర్తుంటుంది. ఆ పరీక్షలు మొదలుపెట్టే ముందే, కండరాలను పడగొట్టే మందులూ విషాలూ ఏవీ ఒంట్లో పనిచేయడం లేదని తేల్చుకోవాలన్న సంగతి మాత్రం మరిచిపోతుంటారు. మేం మెదడు విద్యుత్ తరంగాల్ని గీసే ఈఈజీ తీయించాం. మెలకువగా ఉన్న మనిషి మెదడులో కనిపించే తరంగాలే వచ్చాయి. ఆ కాగితం పెదనాన్న ముందు పరిచి, "మీవాడు లోపల మెలకువగా ఉన్నాడండీ. మనం మాట్లాడేదంతా వింటున్నాడు. జవాబు చెప్పడానికి కండరం లేదు, అంతే" అన్నాను. ఆయన కాసేపు ఆ గీతలకేసి చూసి, మంచం దగ్గరికి వెళ్లి, "ఒరే, నేన్రా పెదనాన్నని" అన్నాడు.

ఇలాంటి పేషెంటు దగ్గర ఎలా మసలుకోవాలో సార్ దగ్గర చూసి నేర్చుకున్నాం. నేను పీజీలో చేరిన కొత్తలో మా వార్డుకు వెంటిలేటర్లు సరిపోయేవి కావు. ట్యూబుకు ఆంబు బ్యాగ్ (చేత్తో నొక్కి గాలి పంపే సంచి) తగిలించి హౌస్ సర్జన్లు, పీజీలు, పేషెంటు అన్నదమ్ములు వంతులవారీగా రాత్రంతా నొక్కేవాళ్లు. అర్ధరాత్రి దాటాక నిద్ర ముంచుకొస్తుంది, చేతి లయ తప్పుతుంది. ఒక రాత్రి నేను నొక్కుతుండగా సార్ వచ్చారు. ఏమీ అనలేదు. నా చేతి మీద ఆయన చెయ్యి వేసి, "నొక్కు... వదులు. పూర్తిగా వదలాలి, వాడు గాలి వదిలే టైము నువ్వు తినేస్తున్నావు" అంటూ నాలుగైదుసార్లు నొక్కించారు. ఆ తర్వాత పేషెంటు చెవి దగ్గరికి వంగి, ఇప్పుడు టైమెంతయిందో, ఎవరు గాలి కొడుతున్నారో, మీ ఆవిడ బయట వరండాలో పడుకుందని, కంగారు పడొద్దని, కళ్లకు ప్లాస్టరు వేశాం కాబట్టే చీకటిగా ఉందని అన్నీ చెప్పారు. వార్డులో మిగతా అందరి మీదా అరిచే మనిషి ఆయన. కేస్ షీటు గాల్లోకి విసిరిన రోజులు ఉన్నాయి. ఆయన కేకలు భరించలేక వేరే యూనిట్‌కు మారినవాళ్లూ ఉన్నారు, వాళ్లను నేను తప్పుపట్టను. పేషెంటు చెవిలో మాత్రం గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు.

ఈ కుర్రాడికీ అలాగే చేశాం. ప్రతి షిఫ్టులో ఎవరో ఒకరు పేరు చెప్పి, టైము చెప్పి, చేయబోయే పని చెప్పి మరీ చేయి వేయాలి. మంచం దగ్గర చావు మాట ఎత్తకూడదు. భయం తగ్గడానికి తక్కువ మోతాదులో మిడజోలామ్. రెప్పలు మూసి, కళ్లు ఎండిపోకుండా ఆయింట్‌మెంట్. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. పొటాషియం సరిచేయడం. నాలుగో రోజు పాపలు ఇంకా అలాగే ఉంటే, ఇంకో పది వయల్స్ వేద్దామా అని యూనిట్‌లో ఒకరు అడిగారు. వద్దన్నాను.

ఐదో రోజు సాయంత్రం నర్సింగ్ స్టూడెంట్ ఒకమ్మాయి పాదాలకు నూనె రాస్తూ, కుడికాలి బొటనవేలు కదిలిందంది. మేం వెళ్లి చూస్తే ఏమీ లేదు. "నువ్వు విన్నట్టయితే బొటనవేలు కదుపు" అని చెప్పి చూస్తూ నిలబడ్డాం. చీమ కదిలినంత కదిలింది. రెండోసారి అడిగితే మళ్లీ కదిలింది. ఆ రాత్రి నుంచి అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు బొటనవేలు కదిపించి అతనితో మాట్లాడటం మొదలుపెట్టాం. మొదట అడిగింది నొప్పి ఉందా అని. అవును. ఎక్కడో తెలుసుకోవడానికి తల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క భాగం పేరు చెప్పుకుంటూ వస్తే, ఎడమ చెవి దగ్గర ఆగాం. ట్యూబు కట్టిన తాడు చెవి మీద నుంచి పోయి ఒరుసుకుపోతోంది. తాడు మార్చాం.

తర్వాత నుదురు, వేళ్లు, మెడ వరసగా వచ్చాయి. తొమ్మిదో రోజు ట్యూబు తీశాం. రెప్పలు, పాపలు అన్నిటికంటే ఆలస్యంగా కోలుకున్నాయి. రెండు వారాల్లోపే నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

వెళ్లేముందు ఏమేం గుర్తున్నాయని అడిగాను. అన్నీ ఒక వరసలో లేవు, మధ్యలో కలల్లాంటివీ ఉన్నాయన్నాడు. కానీ పెదనాన్న "ఇంటికి తీసుకెళ్తాం" అన్న మాట విన్నాడు. ఆ రోజు పడిన టెన్షన్ ఇంకెప్పుడూ పడలేదట. రాత్రి డ్యూటీ హౌస్ సర్జన్ ఒకడు క్రికెట్ స్కోరు చెప్పేవాడని, అతని గొంతు కోసం ఎదురుచూసేవాడినని చెప్పాడు. ఆ హౌస్ సర్జన్ సార్‌ను ఎప్పుడూ చూడలేదు. పేషెంటుతో మాట్లాడాలని మేం చెబితే, ఏం మాట్లాడాలో తోచక స్కోరు చెప్పాడట.

ఊళ్లో

డిశ్చార్జ్ అయ్యాక ఒక ఆదివారం ఆ ఊరు వెళ్లాం. ఇదీ సార్ పెట్టిన ఆనవాయితీయే. ఆయన హయాంలో పాముకాటు పేషెంటు బతికినా పోయినా యూనిట్ నుంచి ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లి, పడుకున్న చోటు చూసి రావాల్సిందే. వరండా పక్కనే వరిగడ్డి వామి, దాని కింద ఎలుక బొరియలు. ఆ మూలన పిడకల గుట్ట. పాము ఎటు నుంచి వచ్చి ఉంటుందో వెతకనక్కర్లేదు.

మంత్రగాళ్ల విషయంలో సార్‌ది విచిత్రమైన రాజీ. వాళ్లను తిట్టి లాభం లేదని, తిడితే జనం వాళ్ల దగ్గరికి చాటుగా వెళ్తారని ఆయన లెక్క. డెల్టాలో పేరున్న మంత్రగాళ్ల ఇళ్లకు స్వయంగా వెళ్లి కూర్చుని, "మంత్రం వేయండి, కాదనను. కాకపోతే ఆటోలో వేయండి. ఆటో మా ఆసుపత్రి వైపు పోతూ ఉండాలి" అని ఒప్పించారు. వాళ్లలో కొందరు పేషెంట్లను వెంటబెట్టుకుని తీసుకొచ్చి మా వరండాలో కూర్చునేవారు. 2005లో 108 వచ్చాక ఆటో మాట పోయి అంబులెన్స్ మాట వచ్చింది. ఒప్పందం మాత్రం మారలేదు. హేతువాద మిత్రులకు ఇది నచ్చేది కాదు. నాకు నచ్చింది.

దోమతెర గురించి ఆయన పట్టు అందరికీ తెలిసిందే. నేపాల్ ఆగ్నేయ ప్రాంతంలో చేసి 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దోమతెరలో పడుకునేవాళ్లకు పాముకాటు ముప్పు బాగా తక్కువని తేలింది. అంచులు చాప కిందికి మడిచి పెడితేనే ఉపయోగం. కుర్రాడి తల్లికి అది చూపించాం. "మంచం మీద పడుకోమంటే వాడు వింటేగా" అంది ఆవిడ. ఆ రాత్రి కరెంటు ఉండి ఫ్యాను తిరిగి ఉంటే వాడు మంచం దిగి వరండాలోకి వచ్చేవాడే కాదని తండ్రి అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

చర్చ

నెలవారీ క్లినికల్ మీటింగ్‌లో ఈ కేసు ప్రెజెంట్ చేశాం. మొదటి వరసలో కూర్చున్న సీనియర్ ఒకాయన, "మీ గురువుగారైతే యాభై వయల్స్ ఎక్కించేవారు, మీరు ఇరవైతో ఆపారు" అన్నారు. ఒకప్పుడు ఆ మాట నిజమే. పక్షవాతం విడిచేదాకా మందు వేస్తూనే ఉండటం మా వార్డులో చాలాకాలం సాగింది, అప్పట్లో చాలాచోట్ల అంతే. మందు దొరకని రోజుల్లో కూడా ఒక్క పేషెంటుకే పెట్టెలకు పెట్టెలు ఖర్చయ్యేవి. జాతీయ మార్గదర్శకాలు నరాల విషానికి ఇరవై వయల్స్ మించొద్దని చెప్పాక, సార్ తన పాత కేస్ షీట్లన్నీ దించి, ఎక్కువ మందు తీసుకున్నవాళ్లు ముందుగా వెంటిలేటర్ దిగారా అని చూశారు. తేడా కనబడలేదు. మరుసటి వారం క్లాసులో ఆ పట్టిక బోర్డు మీద వేసి, ఇన్నేళ్లూ నేను చెప్పింది కొట్టేసుకోండి అన్నారు. ఆ సీనియర్ చూసింది మొదటి సార్‌ను. నేను ఎక్కువ పనిచేసింది రెండో ఆయనతో.

అసలు చిక్కు ప్రశ్న వేసింది మొదటి సంవత్సరం పీజీ ఒకబ్బాయి. నరం చివరలు అప్పటికే పోయాయి, మందు వాటిని బాగుచేయదు అన్నారు కదా, మరి రెండో పది వయల్స్ మాత్రం ఎందుకు ఇచ్చారు అన్నాడు. కాటు పడి అప్పటికి ఎన్ని గంటలయిందో మనకు తెలియదు, రక్తంలో విషం ఇంకా ఉండొచ్చు, గైడ్‌లైన్ ఉంది అని జవాబు చెప్పాను. అతనికి తృప్తి కలగలేదని మొహంలోనే తెలిసింది. నిజానికి నాకూ పూర్తిగా లేదు. మొదటి పదితోనే ఆపిన కేసులు మా రికార్డు రూములో కొన్ని ఉండాలి. ఆ అబ్బాయి, ఆ రోజు కేస్ షీటు నింపిన అమ్మాయి కలిసి వాటిని బయటికి తీస్తున్నారు. ఊదారంగు ముద్ర ఉన్న షీట్లు ముందు తీయమన్నాను. నిద్ర లేచిన టైము వాటిలోనే రాసి ఉంటుంది.